చీటీ పాడేసి స్పోర్ట్స్ బైక్ కొనొచ్చా అన్నా?

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు బ్రాడీపేట, వయసు 27, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ప్రైవేట్ ఆఫీసులో జాబ్, కటింగులన్నీ పోను చేతికి 48 వేలు వస్తాయి. ఇంట్లో 15 వేలు ఇస్తా, నా ఖర్చులు పెట్రోల్‌తో కలిపి 12 వేలు, చీటీకి డివిడెండ్ పోను 9 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 3 వేలు. 1.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. చీటీ 2 లక్షలది, 20 నెలలు, 9 నెలలు కట్టేశా. మా గ్యాంగ్ నలుగురం హాకీ పిచ్చోళ్లం, మిగతా ముగ్గురికీ స్పోర్ట్స్ బైకులున్నాయి, నేనొక్కడినే నాన్న పాత 125 బండి మీద తిరుగుతున్నా. నేను చూసిన బండి ఆన్ రోడ్ 3.9 లక్షలు. చీటీ ఇప్పుడు పాడితే 1.65 లక్షలొస్తాయి, అందులో 90 వేలు డౌన్ పేమెంట్ కట్టి, 3 లక్షలు లోన్ తీసుకుందామని. షోరూంలో 8 పర్సెంటే వడ్డీ, మూడేళ్లు, నెలకి 10,333 అన్నారు. మా వాళ్లేమో మన హాకీ టీమ్ కోచ్‌ల పేర్లు తెచ్చి, డబ్బు విషయంలో నువ్వు ఫుల్టన్ టైపురా, ఎప్పుడూ డిఫెన్సే, రీడ్‌లాగా ముందుకెళ్లి ఆడు, కావాలంటే ఎఫ్‌డీ కూడా తీసెయ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు హాకీ సంగతి తేల్చేసి డబ్బుల్లోకి వద్దాం, ఎందుకంటే మీ వాళ్లు నీకు చెప్పిన లాజిక్ అక్కడే తప్పుంది.

గ్రాహం రీడ్ ఎటాకింగ్ కోచే, కాదనను, టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టులో జర్మనీ మీద 1-3తో వెనకబడి కూడా 5-4తో గెలిచి 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చారు, అది ఎవరూ మర్చిపోరు. కానీ ఆ మ్యాచ్‌లో ఆఖరి సెకన్లలో జర్మనీకి పెనాల్టీ కార్నర్ వస్తే ఆపిందెవరు? గోల్‌కీపర్ శ్రీజేష్. అది ఎటాకా డిఫెన్సా మీ గ్యాంగ్‌నే అడుగు. అదే రీడ్ టీమ్ 2023 వరల్డ్ కప్‌లో భువనేశ్వర్‌లో న్యూజిలాండ్ మీద 3-1 లీడ్‌లో ఉండి కూడా నిలబెట్టుకోలేక షూటౌట్‌లో ఓడిపోయింది, తర్వాత ఆయన రిజైన్ చేసి వెళ్లిపోయాడు. ఇక క్రెయిగ్ ఫుల్టన్ కోచ్‌గా వచ్చాక పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్ నువ్వు చూసే ఉంటావు, 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్, అక్కడ్నుంచి దాదాపు 43 నిమిషాలు పది మందితోనే బ్రిటన్‌ని 1-1 దగ్గర ఆపి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. గోల్ కొట్టకుండా కూర్చోలేదు కదా, పది మంది అయ్యాక కూడా హర్మన్‌ప్రీత్ కొట్టాడు. రీడ్‌కి కాంస్యం, ఫుల్టన్‌కీ కాంస్యం, కాబట్టి మీ వాళ్ల వాదనలో పస లేదు. నీకు కావాల్సింది రెడ్ కార్డ్ పడ్డా ఆడగలిగే టీమ్.

ఇప్పుడు నీ టీమ్ చూద్దాం. ఇంటికి 15, నీకు 12, చీటీకి 9, ఈఎంఐ 10,333, మొత్తం 46,333. జీతం 48. మిగిలేది 1,667, అది కూడా సిప్ ఆపేస్తేనే. చీటీ పాడేస్తే ఇక కట్టక్కర్లేదని చాలామంది మనసులో ఎక్కడో అనుకుంటారు, పాడినా పాడకపోయినా మిగిలిన 11 నెలలు కట్టాల్సిందే, పైగా పాడాక జామీను కూడా ఇవ్వాలి, అంటే కట్టలేని రోజున ఫోన్ నీకే కాదు, నీకోసం సంతకం పెట్టినోళ్లకి కూడా వెళ్తుంది.

ఇంతటితో అయిపోలేదు, పెట్రోల్ ఉంది. గుంటూరు నుంచి బెంజ్ సర్కిల్‌కి రానుపోను 70 కిలోమీటర్ల దాకా వేసుకో, 25 రోజులకి 1,750. నాన్న బండి లీటర్‌కి 55 ఇస్తే, లీటర్ 110 లెక్కన నెలకి 3,500. స్పోర్ట్స్ బైక్ 28 ఇస్తే 6,875. అంటే నెలకి ఇంకో 3,400 దాకా అదనం, మిగిలిన 1,667 కాస్తా మైనస్ 1,700 అయింది, ఇంకా సర్వీసు, టైర్లు, ఇన్సూరెన్స్ రెన్యూవల్ నేను లెక్కలోకే తీసుకోలేదు. నిజం చెప్పాలంటే ఏ బండి కొన్నా సరే రోజూ ఆఫీసుకి మాత్రం దాని మీద వెళ్లకు. మంగళగిరి దాటాక వారధి మీద పొద్దున తొమ్మిదింటికి ఆ హ్యాండిల్ మీద వంగి కూర్చుని క్లచ్ పిసుక్కుంటూ పోవడానికా అన్ని లక్షలు పెట్టేది? రైలు సీజన్ టికెట్ తీసుకో, లేదంటే నాన్న బండి ఉంది, స్పోర్ట్స్ బైక్ ఆదివారాలకి దాచుకో.

ఇక ఆ 8 పర్సెంట్. అది ఫ్లాట్ రేటు తమ్ముడూ. 3 లక్షల మీద ఏడాదికి 24 వేలు, మూడేళ్లకి 72 వేలు, కలిపి 36తో భాగిస్తే 10,333 కరెక్ట్‌గా వస్తుంది చూడు. కానీ నువ్వు నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటావు కదా, ఆఖరి నెలలో నీ దగ్గర వాళ్ల డబ్బు పదివేలే ఉంటుంది, అయినా మూడు లక్షల మీదే వడ్డీ లాగుతున్నారు. అదే మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే, బ్యాంకులు చెప్పే రెడ్యూసింగ్ లెక్కలో చూస్తే సుమారు 14.5 శాతం. షోరూంలో అడగాల్సింది "వడ్డీ ఎంత" అని కాదు, "ఫ్లాటా, రెడ్యూసింగా" అని, ఆ ఒక్క మాటకి అవతల వాడి గొంతు మారుతుంది.

ఎఫ్‌డీ తీసెయ్ అన్నవాడికి నా తరఫున ఒక మాట చెప్పు. హాకీలో గోల్‌కీపర్ని బయటికి పంపించి ఇంకో ఫీల్డ్ ప్లేయర్ని దించేది ఎప్పుడు? వెనకబడి ఉండి, టైమ్ అయిపోతున్నప్పుడు. నీకు 27 ఏళ్లు, ఫస్ట్ క్వార్టర్ కూడా అవలేదు, ఎవడి మీదా వెనకబడి లేవు. నీ ఇంటికీ నీకూ కలిపి నెలకి 27 వేలు కావాలి, ఆ 1.2 లక్షలు నాలుగు నెలల పైనే లాగుతాయి, ఉద్యోగం పోయినా, కాలు విరిగినా. దాన్ని ముట్టుకోకు.

మరి బండి వద్దా అంటే, వద్దని నేను అనను. ఇష్టం ఉన్నవాడిని ఆపితే ఆ కోరిక ఇంకో రూపంలో ఇంకా ఖరీదుగా బయటికొస్తుంది, ఇలాంటి కేసులు చాలా చూశా. ఇంకో 11 నెలలు ఆగు, అంతే. చీటీ పాడకుండా ఆఖరి దాకా ఉంచుకుంటే కమిషన్ పోను 1.9 లక్షల దాకా చేతికొస్తుంది, ఇప్పుడు పాడితే వచ్చే 1.65కి దానికీ 25 వేలు తేడా. ఇంకోటి, నీ లెక్క ప్రకారమే ఇప్పుడు అన్నీ పోను నెలకి 9 వేలు మిగలాలి, అది ఎటు పోతుందో నువ్వు రాయలేదు, బహుశా నీకే తెలీదు. జీతం పడిన మర్నాడే ఆ 9 వేలు కట్ అయ్యేలా బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) పెట్టెయ్, 11 నెలలకి లక్ష చిల్లర. రెండూ కలిపితే 2.9 లక్షలు. తగ్గేది లక్ష, అది బ్యాంకులో రెడ్యూసింగ్ 11 శాతానికి 12 నెలలకి తీసుకుంటే ఈఎంఐ 8,838, అప్పటికి చీటీ అయిపోయి ఉంటుంది కాబట్టి చీటీకి కట్టే 9 వేలు అటు తిప్పితే చాలు, జేబు మీద కొత్త బరువే లేదు, సిప్ కూడా ఆగదు. వడ్డీ మొత్తం 6 వేలు. 72 వేలెక్కడ, 6 వేలెక్కడ. చీటీలో మిగిలే 25 వేలు కూడా కలుపుకుంటే, ఈ 11 నెలలు ఆగినందుకు 90 వేల పైనే మిగులుతోంది, మంచి జాకెట్, గ్లౌజులు, ఐఎస్ఐ హెల్మెట్, బూట్లు అన్నీ వాటిల్లో వచ్చేస్తాయి. ఎండాకాలం మన బెజవాడలో జాకెట్ వేసుకోలేం అంటారు, మెష్ జాకెట్లుంటాయి, అవి చూడు.

బండి సెలక్షన్‌లో నాకు వేలు పెట్టే అర్హత లేదు గానీ ఒక గీత మాత్రం గుర్తుపెట్టుకో, 350 సీసీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 దాకా ఉన్న బైకులకి జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, ఆ పైన వాటికి 40 అయింది. నింజా 300 ఇంజిన్ 296 సీసీ, ఇటు పక్క ఉంటుంది, 373 సీసీ ఇంజిన్ ఉన్న ఆర్‌సీ 390 అయితే అటు పక్క. ఇన్సూరెన్స్‌లో కూడా ఇదే గీత, 2022లో ప్రకటించిన రేట్లలో కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 దాటి 350 లోపు 7,365 అయితే, పైన 15,117, టాక్స్ ఎక్స్‌ట్రా.

ఇన్సూరెన్స్ అన్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం, స్పోర్ట్స్ బైకుకి ఇది మామూలు బండిలాంటిది కాదు. దాని ఒళ్లంతా ప్లాస్టిక్కే కదా, స్టాండ్ సరిగ్గా పడక పక్కకి ఒరిగినా ఫెయిరింగ్ పగుల్తుంది, అద్దం, లివరు, ఇండికేటరు వరసగా పోతాయి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి సగం తరుగుదల తీసేస్తారు, 40 వేల ఫెయిరింగ్ బిల్లయితే 20 వేలు నువ్వే కట్టుకోవాలి. అందుకే ఆ తరుగుదల కోత లేకుండా ఇచ్చే జీరో డెప్ కవర్ తప్పనిసరిగా తీసుకో, ప్రీమియం ఎక్కువైనా సరే. ఇంక పాలసీతో పాటు వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ చూసి ధైర్యం తెచ్చుకోకు, అది చావుకో శాశ్వత వైకల్యానికో మాత్రమే, కాలర్ బోన్ విరిగి రెండు నెలలు జీతం లేకుండా ఇంట్లో కూర్చుంటే పైసా ఇవ్వదు. వారానికింత అని ఇచ్చే విడి యాక్సిడెంట్ పాలసీలుంటాయి, బండి డెలివరీ రోజుకి అది చేతిలో ఉండాలి. ఇంట్లో నీ 15 వేల మీద ఆధారపడ్డారు కాబట్టి టర్మ్ పాలసీ కూడా, వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద ఇప్పుడు జీఎస్టీ లేదు, సాకు చెప్పడానికి ఏం మిగల్లేదు.

మీ గ్యాంగ్‌లో ఎవడో ఒకడు ఈలోపు బండి మార్చడం ఖాయం, అప్పుడు "నాదే తీసుకోరా" అంటాడు. తీసుకోవచ్చు, నన్నడిగితే అదే బెస్ట్, లోనే అక్కర్లేదు. కాకపోతే స్నేహం వేరు కాగితం వేరు, ఫైనాన్స్ ఉంటే బాకీ లేదని వాళ్ల ఎన్‌ఓసీ తెచ్చి ఆర్‌సీలో హైపోథికేషన్ (లోన్ ఇచ్చినోళ్ల పేరు) తీయించాకే డబ్బులివ్వు, ఓనర్‌షిప్ మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకో, 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ నీ పేరుకి మార్చమని అప్లై చెయ్. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వాడికొచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఐదేళ్లు దాటిన బండికి జీరో డెప్ సాధారణంగా ఇవ్వరు, కాబట్టి మూడు, నాలుగేళ్ల లోపుదే చూడు.

ఇంకొక్క ముక్క, నువ్వు రాయనిది, కానీ పైన చెప్పిన ప్లానంతా దాని మీదే ఉంది. ఆ చీటీ రిజిస్టర్డ్ కంపెనీదా, లేక వీధిలో ఎవరో నడిపే ఇంటి చీటీనా? 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్ రిజిస్ట్రార్ దగ్గర పర్మిషన్ ఉండాలి, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి ఉండాలి, నీకు అగ్రిమెంట్ కాపీ ఇచ్చి ఉండాలి. అవి ఉంటే ఆఖరి దాకా నిశ్చింతగా ఆగు. నోట్‌బుక్‌లో పేర్లు రాసుకునే రకమైతే మాత్రం నా లెక్క తిరగబడుతుంది, ఎంత మంచివాళ్లయినా సరే, 18వ నెలలో ఐపీ పెట్టేస్తే నీ డబ్బుకి దిక్కుండదు. అలాంటిదైతే వచ్చే పాటలోనే పాడేసుకో, ఆ 25 వేలు పోతే పోనీ. వచ్చిన 1.65 లక్షలు షోరూంకి కాకుండా నేరుగా బ్యాంకుకి తీసుకెళ్లి 11 నెలల ఎఫ్‌డీలో వెయ్యి, మిగిలిన వాయిదాలు ఎప్పటిలాగే నెలనెలా కట్టుకుంటూ పో.