ఫ్యాక్టరీ ఆర్డర్ పేరుతో డిపాజిట్ కట్టే ముందు

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. రెండో బిడ్డ పుట్టబోతుండటంతో ఇప్పుడున్న క్యామ్రీ ఇచ్చేసి టొయోటా సియెన్నా మినీవ్యాన్ కొనాలనుకుంటున్నాం. 1,000 డాలర్ల డిపాజిట్ కడితే ఫ్యాక్టరీకి ఆర్డర్ పెడతామని, నాలుగైదు నెలలు పడుతుందని డీలరు అంటున్నారు. వెంటనే కావాలంటే స్టిక్కర్ ధర (కంపెనీ సూచించి బండి మీద అతికించే ధర) మీద 4,000 డాలర్లు అదనమట. ఏది మేలు?

జవాబు: కొనుగోలుదారు కోరిన రంగు, హంగులతో కారు తయారుచేసి పంపే ఆర్డర్లను ఫోర్డ్ వంటి కంపెనీలు తీసుకుంటాయి గానీ, టొయోటా సాధారణంగా అలా చేయదు. సియెన్నాలు ఇండియానాలోని ప్రిన్స్‌టన్ ప్లాంటులో తయారై, టెక్సస్‌తో కలిపి ఐదు రాష్ట్రాలకు పంపిణీదారైన గల్ఫ్ స్టేట్స్ టొయోటా అనే ప్రైవేటు సంస్థ ద్వారా మీ డీలరుకు చేరతాయి. ఎవరికి ఎన్ని బళ్లన్నది, అంతకుముందు వచ్చినవాటిని ఎవరెంత త్వరగా అమ్ముకున్నారన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. ఇలా వాటాలు పంచడాన్నే అలొకేషన్ అంటారు. కాబట్టి డీలరు ఆర్డర్ అంటున్నది, నిజానికి తమ వాటాలో రాబోయే ఒక బండికి మీ పేరు రాసుకోవడం మాత్రమే.

అందుకే డిపాజిట్ కట్టే ముందు, మీకు కేటాయించే బండికి విన్ నంబరు (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) వచ్చిందా అని అడగండి. వచ్చి ఉంటే ఆ బండి ఎక్కడుందో, ఎప్పటికి చేరుతుందో వాళ్లు చెప్పగలరు. రాకపోతే మీరు కడుతున్నది వరుసలో చోటు కోసమే. రెండు సందర్భాల్లోనూ డిపాజిట్ పూర్తిగా వాపసు ఇస్తామని, స్టిక్కర్ ధరకే అమ్ముతామని, ఏయే అదనపు సామగ్రి బిగించి వస్తుందో రాయించుకుని సంతకం చేయించుకోండి. నోటిమాటను నమ్మి డబ్బు కట్టకండి.

ఇక ఆ 4,000 డాలర్ల సంగతి. దాని మీద టెక్సస్ అమ్మకపు పన్ను 6.25 శాతం, అంటే మరో 250 డాలర్లు పడుతుంది. ఈ మొత్తం 4,250 డాలర్లను 7 శాతం వడ్డీకి 60 నెలల రుణంలో కలిపితే నెలకు 84 డాలర్ల చొప్పున దాదాపు 5,050 డాలర్లు కడతారు. రేపు ప్రమాదంలో బండి పూర్తిగా పాడైతే బీమా సంస్థ అప్పటి మార్కెట్ విలువే చెల్లిస్తుంది తప్ప, మీరు ఎక్కువ పెట్టి కొన్నారని చూడదు. మీ క్యామ్రీ వెనక సీటులో పిల్లల కార్‌సీట్లు రెండు పడతాయి కనుక, ఈ తొందరకు అంత ఖర్చు తగదని నా అభిప్రాయం.

ఈలోగా ఓక్లహామా డీలర్లతో పాటు, గల్ఫ్ స్టేట్స్ పరిధిలో లేని కాన్సస్, న్యూ మెక్సికో డీలర్లకు కూడా ఫోన్ చేసి, పన్నులు మినహా అన్నీ కలిపిన ధర ఈమెయిల్‌లో తెప్పించుకోండి. వేరే రాష్ట్రంలో కొన్నా టెక్సస్‌లో రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు ఇక్కడి పన్నే లెక్కకు వస్తుంది, అక్కడ కట్టిన అమ్మకపు పన్ను ఏదైనా ఉంటే అందులోంచి తగ్గిస్తారు.