జుట్టుతాళ్లూ బంపర్లూ

చిరంజీవికి ఆశీస్సులు.

కళాకారిణి షీలా గౌడ జుట్టుతాళ్లకు ఉక్కు బంపర్లు వేలాడదీసి చేసిన ‘బిహోల్డ్’ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘జుట్టు స్త్రీకి ప్రతీక, ఉక్కు పురుషాధిపత్యానికి ప్రతీక’ అని రెండో పేరాలోనే తేల్చేశావు. అక్కడే నాకు కోపం వచ్చింది. నీ వాక్యం బాగుంటుంది, సరే. అంత తొందర ఎందుకు?

ఆ తాళ్లు ఎంత పొడవు, ఆ జుట్టు ఎక్కడిది, అంత బరువు ఎలా మోస్తున్నాయి? ఒక్కటీ రాయలేదు. సుమారు 4,000 మీటర్ల జుట్టుతాడు అది. దానికి వేలాడేవి ఇరవై దాకా కారు బంపర్లు. 2009లో వెనిస్ బినాలే కళాప్రదర్శనలో పెట్టారు, ఇప్పుడు లండన్‌లో టేట్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. షీలా ఉండే బెంగళూరులో దిష్టి తగలకుండా బండి బంపర్‌కి జుట్టుతాడు కడతారు. గుళ్లో ఇచ్చిన తలనీలాల్లో పొడుగువి విగ్గులకు పోతే, పొట్టివి ఇలా తాళ్లవుతాయి. వీధిలో తాడును బంపర్ మోస్తుంది. ఇక్కడ బంపర్లనే తాడు మోస్తోంది. ఎవరి మొక్కుకో తెగిన వెంట్రుకలు అంత ఉక్కును గాల్లో నిలబెట్టాయి! దీన్ని చూడకుండా నువ్వు చెప్పిన ప్రతీక ఏ జుట్టుకైనా, ఏ ఇనుముకైనా అతుకుతుంది.

కొత్తలో నేను చేర్యాల నకాషీ బొమ్మల మీద, అంటే గుడ్డ మీద వేసే కథల బొమ్మల మీద, రాశాను. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి ఎలా పట్టిస్తారో దగ్గర కూర్చుని చూసి రాసిన పేరాలు. ఒక సంపాదకుడు వాటన్నిటినీ కొట్టేసి ‘ఇదంతా ఎవరిక్కావాలి, సందేశం ఏది?’ అని తిప్పి పంపాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఆ పూత లేకుండా రంగు ఎక్కడ నిలుస్తుంది? ఇప్పుడు ‘సందేశం’ పోయి ‘డిస్కోర్స్’ వచ్చింది. చేత్తో ముట్టుకుని చూసేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. నువ్వూ వాళ్లలో కలిసిపోతావేమోనని నా టెన్షన్.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది తర్వాత.

చివర్లో మీ అమ్మ తిరుమలలో తలనీలాలు ఇచ్చిందని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అక్కడ నా గొంతు పట్టేసింది. ఆ మొక్కు ఎవరి కోసం? గుండుతో ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుని ఏమంది? అమ్మను అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, ఆ తాళ్ల దగ్గరకు మళ్లీ వెళ్లు. రాసింది నాకు పంపు.