డబ్బు చేతికొచ్చిన రోజే లెక్క తేల్చాలి

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. పొగాకు వేలం అయిపోయి పంట రుణం, కూలీ బాకీలు తీరాక 3,60,000 మిగిలాయి. వచ్చే పంటకు బ్యాంకు మళ్లీ రుణం ఇస్తుంది. ఏటా ఇలాగే మిగులుతాయి, కానీ సంక్రాంతికల్లా చేతిలో రూపాయి ఉండదు. నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెస్తాం. అలా తెచ్చిన లక్ష ఇంకా ఉంది, ఏడాది వడ్డీ కూడా కట్టలేదు. మాకు పొదుపు బుద్ధి లేదని మా అత్తగారు అంటారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. నెల జీతం వచ్చేవాళ్లు ఒక నెల ఎక్కువ ఖర్చు పెట్టినా వచ్చే నెల సర్దుకుంటారు. మీకు ఆ వీలు ఏడాదికి ఒక్కసారే. అందుకే మీకు కావాల్సింది మనసును కట్టేసుకోవడం కాదు, డబ్బు పడిన వారంలోపే ఏది ఎక్కడికి పోవాలో తేల్చేయడం.

ముందు అప్పు తీర్చండి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఏ బ్యాంకు డిపాజిట్టూ అంత ఇవ్వదు. లక్ష అసలు, 24,000 వడ్డీ ఒకేసారి కట్టేసి, చెల్లు రాయించుకుని నోటు వెనక్కి తీసుకోండి. నోటు తర్వాత ఇస్తామంటే డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఇక మిగిలేది 2,36,000. ఇంటి ఖర్చు నెలకు 18,000 అనుకుంటే ఏడాదికి 2,16,000. ఇందులో 1,08,000 ఆరు నెలల డిపాజిట్ చేయండి. మిగతా 1,08,000 వేలం డబ్బు పడే ఖాతాలోనే ఉంచి, ప్రతి నెలా 1వ తేదీన మీ పేరున్న ఇంకో ఖాతాకు 18,000 దానంతటదే వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి. ఫోన్‌పే ఆ రెండో ఖాతాకే ఉండాలి. చివరి 20,000 ఆసుపత్రి లాంటి అవసరాలకు.

ఈ ఏర్పాటు సాధారణంగా రెండు చోట్ల తెగుతుంది. ఒకటి, నెల ఖర్చు రాసేటప్పుడు బియ్యం, గ్యాస్, కరెంటు రాస్తారు. జూన్‌లో బడి ఫీజు, పండగ బట్టలు, పెళ్లిళ్ల చదివింపులు, బండి ఇన్సూరెన్స్ మరిచిపోతారు. పోయిన ఏడాదివి అన్నీ గుర్తు చేసుకుని రాసి, 12తో భాగించి నెల ఖర్చులో కలపండి. మొత్తం 18,000 దాటితే ఎక్కడ తగ్గించాలో ఇప్పుడే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, సంక్రాంతి ముందు కాదు. రెండోది చేబదులు. వేలం డబ్బు ఎప్పుడు పడుతుందో ఊరందరికీ తెలుసు. డిపాజిట్ చేసేశామని చెప్పడానికి మీకు ఒక నిజమైన మాట ఉంటుంది.

మరొకటి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన జ్యోతికి 436. మొదటిది ప్రమాదానికి, రెండోది ఏ కారణంతో మరణించినా. రెండింటికీ 2 లక్షలు. యాభై ఏళ్లు దాటితే రెండో దాంట్లో కొత్తగా చేర్చుకోరు. బ్యాంకుకు వెళ్లిన రోజే ఇద్దరి పేర్లా కట్టేయండి.

వచ్చే ఏడు వడ్డీకి పోయే 24,000 మీ దగ్గరే ఉంటుంది. దాంతో ఎరువుల కొట్లో అరువు మానేయండి. అరువు ధర, రొక్కం ధర ఒకటేనా అని అడిగి చూడండి.

ప్రశ్న: నెల్లూరులో ఉద్యోగం, జీతం 35,000. స్నేహితులంతా కార్లు కొన్నారు. ఏం తిన్నా, ఎక్కడికి వెళ్లినా వెలితిగా ఉంది. 6 లక్షల అప్పుతో కారు కొననా?

జవాబు: తొమ్మిదిన్నర శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పయితే నెలకు సుమారు 12,600 కట్టాలి. పెట్రోలు, సర్వీసింగ్ మరో 4,000 వేసుకోండి. కొనకముందే ఆరు నెలలు ఈ 16,600 పక్కన పెట్టి చూడండి. ఇల్లు నడవకపోతే మూడో నెలకే తెలిసిపోతుంది, నష్టమేమీ ఉండదు. నడిస్తే మీ దగ్గర 99,600 ఉంటాయి, అప్పు అయిదు లక్షలకు తగ్గుతుంది. స్నేహితుల కారు మీకు కనిపిస్తోంది గానీ వాళ్ల కిస్తీ కనిపించదు. ఈ ఆరు నెలలూ వాళ్ల స్టేటస్‌లు మ్యూట్‌లో పెట్టండి. అప్పటికీ కారు కావాలనిపిస్తే అది మీకోసం కావాలనుకున్నదే, నిశ్చింతగా కొనుక్కోండి.