మా వాడికి కౌన్సెలింగ్ ఇప్పిస్తే మారతాడా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. టెన్త్ దాకా క్లాసులో ముందుండేవాడు. దసరా సెలవులకు ఇంటికొచ్చి ఇక వెళ్ళనంటున్నాడు. రాత్రి రెండింటి దాకా మేలుకునే ఉంటాడు, పగలు పడుకుంటాడు. కంచంలో అన్నం కలిపి వదిలేస్తున్నాడు. ఏమైందిరా అంటే పలకడు. మావారు మిర్చి యార్డులో గుమస్తా. ఫీజు కోసం వడ్డీకి తెచ్చాం. కాలేజీవాళ్ళు కౌన్సెలింగ్ ఇస్తామంటే తీసుకెళ్ళాం. ఆఫీసు గదిలో అరగంట నిలబెట్టి మాట్లాడారు. అప్పటి నుంచి మరీ మూగవాడైపోయాడు. మొన్న రాత్రి మంచినీళ్ళు ఇవ్వబోతే, "నేను లేకపోతే మీకు ఈ అప్పు ఉండేది కాదు కదమ్మా" అన్నాడు. మావారికి చెప్తే చదువు ఎగ్గొట్టడానికి నాటకాలంటున్నారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తండ్రి వెంట యార్డుకెళ్ళి టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టేవాడు, ఇప్పుడు ఆయన గుమ్మంలోకి రాగానే గదిలోకి వెళ్ళిపోతాడు. బయట మంచి చోట కౌన్సెలింగ్ ఇప్పిస్తే మారతాడా? ఎన్ని సిట్టింగులు పడతాయి? సోమవారంలోగా తేల్చమని కాలేజీ నుంచి ఫోన్లు వస్తున్నాయి. వాళ్ళకి ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ చెప్తాను. అంతకంటే ముందు మీ బాబు మొన్న రాత్రి అన్న మాట సంగతి చూడాలి. అది నాటకం కాదు. పదిహేడేళ్ళ పిల్లవాడు, అదీ నెల రోజులుగా నోరు విప్పనివాడు, చీకట్లో అమ్మ దగ్గర అన్న మాట. అప్పు గురించి అన్నట్టు వినపడుతుంది గానీ అందులో ఉన్నది "నేను లేకపోతే" అన్న ముక్క. దాన్ని రేపటికి వాయిదా వేయొద్దు.

ఈ రాత్రి వాడి పక్కన కూర్చోండి. లైటు తీసేసి ఉన్నా ఫర్వాలేదు, ముఖం కనపడకపోతే పిల్లలు ఒక్కోసారి తేలిగ్గా మాట్లాడతారు. "నాన్నా, మొన్న నువ్వన్న మాట నా మనసులోంచి పోవట్లేదు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని తిన్నగా అడగండి. ఆ మాట మనం ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లులు భయపడతారు. అలా జరగదు. ఆ ఆలోచన ఉన్నవాడికి, అడిగే మనిషి ఒకరు దొరికారన్న ఊరట కలుగుతుంది. లేనివాడు లేదంటాడు.

వాడు "అవును" అంటే మీ గుండె ఆగినంత పనవుతుంది. అయినా అప్పుడు ఏడ్చి ఒట్లు వేయించుకోకండి. "మేం నీకేం తక్కువ చేశాం" అనొద్దు. "ఎప్పటి నుంచి అనిపిస్తోంది? ఏ టైములో ఎక్కువగా ఉంటోంది? ఏం చేసుకోవాలని అనుకున్నావు?" అని అడిగి వినండి. వాడిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మాత్రలు, పురుగు మందుల్లాంటివి వాడికి అందకుండా తీసేయండి. 14416 నంబరు మీ ఇద్దరి ఫోన్లలో ఎక్కించుకోండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ లైను. ఏ వేళప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. వాడు మాట్లాడనంటే మీరు చేయండి, ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు. వాడేదైనా చేసుకునేలా కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

వాడు "లేదు" అన్నా సరే, ఒకట్రెండు రోజుల్లోనే డాక్టరుకి చూపించండి. నిద్ర తారుమారవడం, తిండి తగ్గడం, మాట పోవడం, తాను ఇంటికి బరువన్న భావన... ఇవన్నీ కలిసి రెండు వారాలు దాటితే డిప్రెషన్ ఉందేమో చూడాల్సిందే. మీ గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లోనే మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడుండేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మనసు జబ్బుల వైద్యం చదివిన డాక్టరు. అవసరమైతే మందులు రాసేది ఆయనే. మాలాంటి కౌన్సెలర్లం మందులు రాయం, మాట్లాడించి, విని, దారి వెతకడంలో తోడుంటాం. కొందరు పిల్లలకు మాటలు సరిపోతాయి, కొందరికి కొన్నాళ్ళు మందులు కూడా కావాలి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా ఒంట్లో ఇలాగే నీరసం కమ్ముతుంది కాబట్టి ఆ పరీక్షలు కూడా చేయించమని అడగండి.

ఇక మీరడిగిన కౌన్సెలింగ్ సంగతి. ఈ మాటకు మన దగ్గర వేరే అర్థాలు స్థిరపడిపోయాయి. ఇంజినీరింగ్ సీట్లు పంచేదీ కౌన్సెలింగే, స్టేషన్‌కి రౌడీషీటర్లని పిలిచి వార్నింగ్ ఇచ్చి పంపేదీ కౌన్సెలింగే. కాలేజీ ఆఫీసు గదిలో మీ వాడికి జరిగింది ఆ రెండో రకం. నిలబెట్టారన్నారు చూడండి, అక్కడే తెలిసిపోయింది. కౌన్సెలింగ్‌లో మొదట చేసేది పిల్లవాడిని కూర్చోబెట్టడం. అలాంటి అరగంట తర్వాత వాడు మరింత మూగబోవడంలో వింతేమీ లేదు.

విజయవాడలో పంతొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. బెంజి సర్కిల్ నుంచి కానూరు, పోరంకి దాకా ఉన్న హాస్టళ్ళ పిల్లలు చాలామంది నా ఎదుట కూర్చున్నారు. కొన్నేళ్ళ కిందట ఒక బైపీసీ అమ్మాయి వచ్చింది (గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెప్తున్నాను). మొదటి గంటంతా చేతిలో ఉన్న నీళ్ళ సీసా మీది కాగితం గోటితో చీలుస్తూ కూర్చుంది. నేనేమీ అడగలేదు. రెండోసారి కూడా అంతే, కాకపోతే చీల్చిన ముక్కలు బల్ల మీద వరసగా పేర్చింది. మూడోసారి వచ్చి, "నా సెక్షన్ మార్చారు మేడమ్. నా ఫ్రెండ్ ఇప్పుడు నాతో అన్నానికి రాదు" అంది. ఇంట్లోవాళ్ళు లవ్ అనుకున్నారు, గాలి సోకిందనుకున్నారు, ఫోన్ వల్లే అనుకున్నారు. వారం పరీక్షలో మార్కులు తగ్గాయని పిల్లని కింది సెక్షన్‌లోకి దించితే, ఆ పిల్ల మెస్‌లో ఒక్కతే కూర్చుని తింటోంది. ఆ ముక్క బయటికి రావడానికి మూడు గంటలు పట్టింది. మొదటి రోజే "నువ్విలా ఉంటే ఎలా తల్లీ" అని నేను మొదలెట్టి ఉంటే ఎప్పటికీ వచ్చేది కాదు.

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1957లో రాసిన ఒక వ్యాసం మా పనికి పునాది లాంటిది. ఎదుటి మనిషిని వాడి వైపు నుంచి అర్థం చేసుకోవాలి, మార్కులతోనూ నడవడితోనూ ముడిపెట్టకుండా వాడిని వాడిగా ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోవడం పైపైన నటించకూడదు. ఈ పరిస్థితులు కుదిరితే మనిషి తనంతట తాను మారడం మొదలెడతాడని ఆయన అన్నాడు. అందుకే "మారతాడా" అన్న మీ ప్రశ్న దగ్గర నాకు కొంచెం ఇబ్బంది. మారాల్సింది వాడొక్కడే అనుకుని తీసుకొస్తే ఆ సంగతి వాడికి గుమ్మంలోనే తెలిసిపోతుంది.

విన్న తర్వాత చేసే పనులు కూడా ఉన్నాయి. "ర్యాంకు రాకపోతే నాన్న యార్డులో తలెత్తుకోలేడు" అని మీ వాడి తలలో తిరుగుతోందనుకోండి. తప్పురా అలా అనుకోవడం అని చెప్తే పోదది. కాగితం మీద రాయిస్తాం. నాన్న ఆ మాట ఎప్పుడైనా అన్నాడా? యార్డులో ర్యాంకు రాని పిల్లల తండ్రులు ఎంతమంది తలెత్తుకునే తిరుగుతున్నారు? ఇలా ఆ ఆలోచనని వాడి చేతే పరీక్ష చేయిస్తాం. 1960లలో ఆరన్ బెక్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది, పరీక్షల టెన్షన్ ఉన్న పిల్లలకు బాగా పనికొస్తుంది. ఇంకొకటి, సున్నా నుంచి పది దాకా అంకె వేయమంటాం. "మళ్ళీ చదువులో కూర్చోగలనని నీకెంత అనిపిస్తోంది?" అంటే వాడు "రెండు" అంటాడు. మనం అయ్యో రెండేనా అనం. "సున్నా ఎందుకు అనలేదు?" అంటాం. ఒకబ్బాయి చాలాసేపు ఆలోచించి, "కెమిస్ట్రీ సార్ చెప్తుంటే మాత్రం టైము తెలియదు" అన్నాడు. ఆ ఒక్క దారం పట్టుకుని రెండు నెలలు మాట్లాడుకున్నాం.

సిట్టింగుల లెక్క ముందే చెప్పలేను. వారానికోసారి చొప్పున ఆరేడు సార్లు వచ్చాక ఎటు పోతున్నామో మనకే తెలుస్తుంది. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే ఒప్పుకోవాలి. వాడు లోపల చెప్పింది నేనే కాదు, ఏ కౌన్సెలరూ బయటికొచ్చి మీకు చెప్పరు. చెప్పులు వేసుకుంటూ "ఏమన్నాడు మేడమ్" అని చెవిలో అడిగే తండ్రులు నాకు అలవాటే. చెప్పను. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం చెప్తాను, ఆ సంగతి పిల్లవాడికి మొదటి రోజే చెప్పి ఉంచుతాను.

కాలేజీ గురించి మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానాలి. టెలి మానస్ లాంటి నంబర్లు హాస్టల్లోనూ క్లాసుల్లోనూ పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. మీరు పోట్లాటకు దిగనక్కర్లేదు. "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఏం చదివారు, మా వాడితో ఒక్కడితోనే మాట్లాడతారా" అని మర్యాదగానే అడగండి. పిల్లవాడిని అక్కడికి తిరిగి పంపాలా వద్దా అన్నది ఆ జవాబుతో సగం తేలుతుంది.

మిగతా సగం వాడు చెప్పాలి. వెళ్ళననడం చదువు మీద కోపమా, ఆ హాస్టల్ మీదా, అక్కడ ఎవరైనా కొట్టారా, ఏడిపిస్తున్నారా, ఎంపీసీయే ఇష్టం లేదా? ఇవి నాలుగు వేరు వేరు సమస్యలు. హాస్టలే అయితే గుంటూరులోనే ఇంటి నుంచి వెళ్ళొచ్చేలా మార్చుకునే వీలుందేమో కనుక్కోండి. జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ఇంటర్ అయిన ఏడాది నుంచి వరసగా మూడేళ్ళు రాయొచ్చు. ఇంటర్ తప్పితే సప్లిమెంటరీ ఉంది. ఈ ఏడాదితో తలుపులు మూసుకుపోవని వాడికంటే ముందు మీ ఇద్దరూ నమ్మాలి. ఎంపీసీయే వద్దంటే మాత్రం ఆ నిర్ణయం ఈ నెలలో తీసుకోకండి. 1909లో అచ్చయిన తన పుస్తకంలో ఫ్రాంక్ పార్సన్స్ చెప్పిన పద్ధతి మా వృత్తిలో ఇప్పటికీ చెల్లుతోంది: ముందు తన్ను తాను తెలుసుకోవాలి, తర్వాత పనుల సంగతి తెలుసుకోవాలి, ఆపైన రెండింటినీ జోడించి చూసుకోవాలి. రాత్రి నిద్రపోని పిల్లవాడు ఆ మొదటి మెట్టు దగ్గరే తనకేదీ చేతకాదని రాసిస్తాడు. కాస్త కోలుకోనివ్వండి.

అప్పు గురించి వాడితో మాట్లాడాల్సింది మీవారు. "ఫీజు కట్టాలన్నది మేం తీసుకున్న నిర్ణయం. తీర్చేది మేమే. అది నీ లెక్కలోది కాదు" అని ఆయన నోటితో చెప్పాలి. ఆయన మనసు రాయి అని నేననుకోను. పొద్దున్నుంచీ ఆ ఘాటులో లెక్కలు రాసి ఇంటికొచ్చే మనిషి, కొడుకు ఏమవుతాడోనన్న భయాన్ని కోపంగా చూపిస్తున్నాడు. ఆయనకి ఉపన్యాసం వద్దు. ఒక్క పని అప్పగించండి. ఈ ఆదివారం బాబుని బండెక్కించుకుని ఎక్కడికైనా టిఫినుకి తీసుకెళ్ళి రమ్మనండి. చదువు, కాలేజీ, ఫోను, ఈ మూడు మాటలూ ఎత్తకూడదు. వాడు మాట్లాడకపోతే ఈయనా మాట్లాడక్కర్లేదు. మాటేదైనా కావాలంటే, టిక్కీలు లెక్కపెట్టిన రోజులు ఉండనే ఉన్నాయి. అప్పట్లో ఆ లెక్క తప్పితే ఆయన వాడినేమీ అనలేదనుకుంటాను.

ఆదివారాలు హాస్టళ్ళ దగ్గర నేను చూస్తూ ఉంటాను. ఔటింగ్ రోజున తల్లులు చెట్ల కింద క్యారియరు విప్పి పులిహోర ముద్దలు పెడుతుంటారు. మొదటి ముద్ద మింగకముందే తండ్రి అడుగుతాడు, "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చాయిరా?" అని. పిల్లవాడి నమలడం ఆగిపోతుంది. మీ ఇంట్లో కూడా అన్నం దగ్గర ఆ ప్రశ్న ఉండేదేమో గుర్తుచేసుకోండి. ఉంటే కొన్నాళ్ళు మానేయండి, చాలు. ఫోన్ లాక్కోవాలా అనే ఆలోచన మీకొచ్చే ఉంటుంది. ఇప్పుడొద్దు. వాడికి మిగిలిన స్నేహితులు అందులోనే ఉండొచ్చు. రాత్రిపూట పక్కన పెట్టడం నిద్ర కోసమని డాక్టరు చేతే చెప్పించండి, మీరు చెప్తే శిక్ష అవుతుంది.

సోమవారం కాలేజీవాళ్ళు ఫోన్ చేస్తే, "బాబుకి ఒంట్లో బాగాలేదు, డాక్టరుకి చూపిస్తున్నాం. ఆయన చెప్పాక మేమే ఫోన్ చేస్తాం" అనండి. అటెండెన్స్ అంటారు, సిలబస్ అంటారు, మిగతా పిల్లలు ముందుకెళ్ళిపోతున్నారంటారు. మళ్ళీ అదే మాట చెప్పి ఫోన్ పెట్టేయండి. వాడు పక్క గదిలోంచి వింటూ ఉంటే, వాడికి వినపడేలాగే చెప్పండి.