రాగం తీసిన చోటల్లా శబ్దం చిట్లుతోంది

ప్రశ్న: మా నాన్నగారు పద్యాలు పాడుతుండగా డిజిటల్ రికార్డరులో భద్రపరిచాను. మామూలుగా చదివినంతసేపూ బాగానే ఉన్నా, రాగం పైకి తీసిన చోటల్లా శబ్దం చిట్లిపోతోంది. వాల్యూమ్ తగ్గించి విన్నా అలాగే ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దీన్ని క్లిప్పింగ్ అంటారు. డిజిటల్ రికార్డరులో శబ్దస్థాయిని చూపే మీటరులో 0 డెసిబెల్స్ అన్నది దాటరాని హద్దు. గొంతు అంతకు మించి పెరిగితే శబ్దతరంగపు శిఖరాలు కత్తిరించినట్లు చదునైపోతాయి. ఆ తెగిన భాగం ఫైలులో నమోదే కాదు కనుక, తర్వాత వాల్యూమ్ తగ్గించినా తిరిగి రాదు. మరమ్మతు చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, అవి లేనిదాన్ని ఊహించి పూరిస్తాయే తప్ప నాన్నగారి అసలు గొంతును తెచ్చి ఇవ్వలేవు.

కాబట్టి వీలైతే ఆయనచేత మళ్ళీ పాడించండి. ముందుగా ఆటోమేటిక్ లెవెల్ (శబ్దస్థాయిని రికార్డరే తనంతట తాను మార్చుకునే) సదుపాయాన్ని ఆపి, పద్యంలో అన్నిటికంటే పైస్థాయికి వెళ్ళే రాగాన్ని ఒకసారి ఆలపించమని చెప్పి, అప్పుడు మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్యనే ఆగేలా ఇన్‌పుట్ గెయిన్ (మైకు శబ్దాన్ని రికార్డరు ఎంత పెంచి తీసుకోవాలన్న అమరిక) సరిచేయండి. చాలామంది "హలో, హలో" అని చూసి ఊరుకుంటారు. పద్యానికి ఆ పరీక్ష చాలదు. శబ్దం తక్కువైపోతుందని భయపడనక్కరలేదు: 24 బిట్ల రికార్డింగుకు (బిట్లు ఎక్కువైతే శబ్దం అంత సూక్ష్మంగా నమోదవుతుంది) సిద్ధాంతరీత్యా అతి సన్నని శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా 144 డెసిబెల్స్ పరిధి ఉంటుంది (16 బిట్లకు 96), తర్వాత నిశ్చింతగా పెంచుకోవచ్చు. మైకును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచండి. గెయిన్ తగ్గించాక కూడా చిట్లుతుంటే లోపం మైకు దగ్గరే మొదలవుతోందని అనుమానించి, దూరం ఇంకొంత పెంచి చూడండి.