పదో తరగతి ప్రేమకథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ చదివాను. ఆ పిల్ల బాగుంది. కుర్రాడు మాత్రం నేరుగా సినిమాలోంచి దిగొచ్చాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదివేవాడు ‘నువ్వు లేని లోకం నాకు శూన్యం’ అనడమ్మా. సోషల్ నోట్స్ అడుగుతాడు. తన దగ్గర ఉన్న నోట్సే అడుగుతాడు. రెండు రోజులయ్యాక దానికి కొత్త అట్ట వేసి తిరిగిస్తాడు. ఆ అట్ట చూసుకుని ఆ పిల్లకి రాత్రంతా నిద్ర పట్టదు. డైలాగులన్నీ తీసేసి అలాంటివి వెతుకు. శ్రావణ పౌర్ణమి వస్తోందంటే మగపిల్లలు బడికి డుమ్మా కొట్టడం నువ్వూ చూసే ఉంటావుగా, ఎవరు రాఖీ కట్టేస్తారోనని టెన్షన్!

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఆ పిల్ల స్నేహితురాలి గురించి. నాలుగు వాక్యాల్లో దాటేశావు. చీటీ అందించడం, గేటు దగ్గర కాపలా కాయడం, అంతే ఆమె పని. కానీ ఆ వయసు ప్రేమలో ఎప్పుడూ మూడో మనిషి ఉంటుంది. వాడు ఇటు చూశాడన్న కబురు ముందు తెచ్చేది ఆమే. రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో ఇద్దరి పేర్లూ ఇంగ్లిష్‌లో రాసి, కలిసిన అక్షరాలు కొట్టేసి, ఇద్దరికీ ఏ బంధమో తేల్చే ఫ్లేమ్స్ ఆట లెక్కపెట్టేదీ ఆమే. ‘ఎస్’ తేలితే, అంటే సిస్టర్ అని వస్తే, కుదరదని ఇంటిపేర్లు కూడా కలిపి మళ్లీ మొదలుపెట్టేదీ ఆమే.

ఇంత చేసే పిల్లకి దక్కేదేమిటి? ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ వాళ్లిద్దరిదీ. ఇప్పుడు ఇంటర్వెల్ అంతా వాడి కబుర్లే. రాత్రి ఇంట్లో నాన్న తాగొచ్చి గొడవ చేశాడని చెప్పుకుందామన్నా ఇవతలి పిల్లకి వినే తీరిక లేదు. పైగా ఆ పిల్ల కోసం, ‘ట్యూషన్‌లోనే ఉంది పిన్నీ’ అని అబద్ధం కూడా ఆడాలి. రేపు సంగతి బయటపడితే మొదటి చెంపదెబ్బ ఎవరికి తగులుతుందో ఆలోచించు. ‘మా పిల్లని చెడగొట్టింది ఇదే’ అంటారు. ఆమె అమ్మానాన్నా వీళ్ల పొలానికే కూలికి వచ్చేవాళ్లయితే ఆ మాట ఇంకా తేలిగ్గా నోట్లోంచి వస్తుంది. నీ కథ అక్కడుంది. ఆమెకీ ఆ కుర్రాడంటే లోలోపల ఇష్టం ఉందని మాత్రం తిప్పకు. ఆ మలుపు చాలామంది తిప్పేశారు. ఆమెకి కావలసింది తన స్నేహితురాలు.

ముగింపులో ఇద్దరినీ రైలెక్కించావు. పదిహేనేళ్ల పిల్లల్ని అంత హాయిగా పంపించేయకు. పిల్లలపై లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం లెక్కలో పద్దెనిమిది నిండనివాళ్లంతా పిల్లలే. ఇష్టపడే వెళ్లామన్నంత మాత్రాన కేసు ఆగదు. అబ్బాయి, మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాల్సి రావచ్చు. అమ్మాయి చదువు మాన్పించి ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెడతారు. రైలెక్కించే తీరాలంటే ఇదంతా కూడా రాయాలి. అది వేరే కథ, పెద్దది.

నన్నడిగితే రైలు అక్కర్లేదు. పబ్లిక్ పరీక్షలైపోగానే వాళ్లని విడదీసే పని మన ఊళ్లే చేసిపెడతాయి. ఆ పిల్లని విజయవాడలో ఏ హాస్టల్లోనో ఎంపీసీలో పడేస్తారు. కుర్రాడు మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరతాడు. స్నేహితురాలిని అసలు ఇంటర్‌కి పంపుతారా, పంపరా? ఈ ప్రశ్న నీ కథలో ఎవరూ అడగలేదు, ఆ పిల్లతో సహా.

తిరగరాసేటప్పుడు కథ ఆ స్నేహితురాలే చెబుతున్నట్టు రాసి చూడు. కుదరకపోతే మానెయ్యి. ఆ చెంపదెబ్బ ఘట్టం మాత్రం ముందు రాసి నాకు పంపు, మిగతాది నిదానంగా చూద్దాం. అన్నట్టు, బడి ఊరి మధ్యలో ఉందా, చివర ఉందా? పిల్లలు నడిచొస్తారా, బస్సులోనా? అది కూడా రాయి. చీటీలు చేతులు మారేది ఆ దారిలోనే కదా.