టకటక మొదలయ్యాక గ్రీజు కూరినా లాభం లేదు

"స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే ముందు చక్రం దగ్గర టకటక వస్తోంది, యాక్సిల్ జాయింట్ పోయిందంటున్నారు, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా" అని అడిగారు. చేసుకోవచ్చు, నేను చేశాను. కానీ "బాగుచేయడం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. శబ్దం మొదలైన జాయింటును ఎవరూ బాగుచేయలేరు, మార్చాల్సిందే. గేర్‌బాక్స్ నుంచి చక్రానికి శక్తిని చేర్చే ఇరుసుకు (యాక్సిల్‌కు) రెండు కొసల్లో ఒక్కో జాయింటు ఉంటుంది. చక్రం వైపు జాయింటులో మామూలుగా ఆరు ఉక్కు గోళీలు, అవి దొర్లడానికి గాడులు ఉంటాయి. ఆ గాడులు అరిగి గుంటలు పడ్డాక ఎంత గ్రీజు పెట్టినా గుంట పూడదు.

పూడుతుందనే నేనూ అనుకున్నాను. జాయింటును కప్పి ఉంచే రబ్బరు తొడుగు, అంటే బూట్, చిరిగితే అందులోకి వేళ్లతో గ్రీజు కూరి, పైన టేపు చుట్టాను. నాలుగు రోజులు శబ్దం తగ్గింది, నేనో పెద్ద మెకానిక్‌నని పొంగిపోయాను. ఐదో రోజు టేపు ఊడింది, టకటక రెట్టింపైంది.

అప్పుడు కొత్త జాయింటు తెచ్చి ఒక ఆదివారం పొద్దున్నే పనిలోకి దిగాను. కారును జాకీతో లేపి, స్టాండు మీద నిలబెట్టి, చక్రం విప్పి, మధ్యలో ఉన్న పెద్ద నట్టుకు సాకెట్ తగిలించి లాగాను. చక్రం బిగించే హబ్బు గిర్రున తిరిగింది తప్ప నట్టు వదల్లేదు. నేను చూసిన వీడియోలో ఆ నట్టు ఒక్క క్షణంలో చేతిలోకి వచ్చేసింది మరి! అసలు కష్టమున్న చోటే కత్తిరించి, సంగీతం పెట్టి, మిగతాది చూపిస్తారు. కారును బట్టి మారుతుంది కానీ ఆ నట్టు బిగింపు 200 న్యూటన్ మీటర్లు, కొన్నింటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. దాన్ని కారు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి.

మళ్లీ చక్రం బిగించి, మధ్య మూత పీకి, కారు దించి, మా బావమరిదిని బ్రేకు తొక్కిపట్టమని లోపల కూర్చోబెట్టాను. నట్టు అంచును ఇరుసు గాడిలోకి కొట్టి వంచి ఉంటే ముందు దాన్ని ఉలితో పైకి లేపాలి, లేకపోతే మరలు పాడవుతాయి. పానాకు మీటరు పొడవు ఇనుప గొట్టం తొడిగి బరువంతా వేస్తే ఠాప్ మని ఒక్క చప్పుడు. ఏదో విరిగిందనే అనుకున్నాను. కాదు, నట్టే వదిలింది.

తర్వాతి పనులు ఓపికతో అయ్యేవే. హబ్బు భాగాన్ని కింది నుంచి పట్టి ఉంచే బాల్ జాయింటు (ఇది వేరే జాయింటు) విడదీసి, హబ్బును పక్కకు లాగి, ఇరుసు కొసను బయటకు తీయాలి. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ విప్పితే తీగతో కట్టండి, దాని బ్రేకు ఆయిల్ గొట్టం మీద వేలాడనివ్వకండి. పాత జాయింటును ఊడగొట్టేటప్పుడు గోళీలను పట్టి ఉంచే పంజరం మీద కాకుండా లోపలి రింగు మీద ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో కొట్టాలి. లోపల సర్క్లిప్ అనే చిన్న ఉక్కు రింగు పట్టుకుని ఉంటుంది, గట్టి దెబ్బకు వదిలేస్తుంది. కొన్ని కార్లకు ముందే ప్లయర్‌తో దాన్ని విప్పాలి.

నాది మూడో దెబ్బకే వచ్చింది. ఆ ఊపులో కొత్త జాయింటుకు గ్రీజు నింపి, ఇరుసుకు ఎక్కించి ఒక్కటిచ్చాను. సర్క్లిప్ టక్కున కూర్చుంది. నడుం నిటారు చేసేసరికి బావమరిది కొత్త రబ్బరు బూట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది ఎక్కడ పెట్టాలి బావా?"

బూట్ ముందు ఎక్కించాలి, జాయింటు తర్వాత. కొత్త జాయింటును మళ్లీ ఊడగొట్టడానికి గంట పట్టింది, అదేమో మూడు దెబ్బలకు లొంగే రకం కాదు.

ఇంకో రెండు మాటలు. ఇరుసు లేకుండా, నట్టు బిగించకుండా కారును చక్రాల మీద దొర్లించకండి, బేరింగ్ పాడైపోతుంది. నట్టు కొత్తదే వాడండి. తిన్నగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణుకు వస్తుంటే గేర్‌బాక్స్ వైపు జాయింటును అనుమానించాలి, అది వేరే పని.

నాకు ఇప్పటికీ మండేది వేరే విషయం. జాయింటు చాలావరకు తనంతట తాను పోదు, మామూలుగా ముందు పోయేది దాని రబ్బరు బూటే. చిరుగులోంచి గ్రీజు చక్రం లోపలి వైపు నల్లగా చిమ్ముతుంది, ఆ దారినే మట్టీ నీళ్లూ లోపలికి పోతాయి. సర్వీసుకు ఇచ్చిన రెండుసార్లూ ఆ నలుపును వాళ్లు శుభ్రంగా కడిగి, తళతళలాడే చక్రాలతో కారు అప్పగించారు. బూట్ చిరిగిందని ఒక్కరూ చెప్పలేదు. కడగకుండా ఇచ్చినా నేనే చూసుకునేవాణ్ని!

మీరు పని మొదలుపెట్టేముందు రెండో వైపు బూట్ కూడా వంగి చూడండి. మడతల్లో సన్నటి పగుళ్లు మాత్రమే ఉండి, శబ్దమేమీ లేకపోతే, ఆ వైపు జాయింటు మార్చక్కర్లేదు, దాన్నే ఊడదీసి కడిగి, కొత్త గ్రీజు నింపి, బూట్ మారిస్తే చాలు. గ్రీజు పనికొచ్చేది అప్పుడే.